కేబుళ్లు కత్తిరించే మనిషి

ఆయన చనిపోయిన సంగతి నాకు ఒక కేబుల్ కొనడానికి వెళ్లినప్పుడు తెలిసింది.

కొన్నాళ్లుగా నా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. పటమటలో మా వీధి చివర షాపతను వచ్చి, మూత కూడా విప్పకుండా, హార్డ్ డిస్కు పోయిందండీ అన్నాడు. కేబుల్ మార్చి చూడమన్నాను. కేబుళ్లు పోవడం ఎక్కడుందండీ అని నవ్వి, వేరే పనుందని వెళ్లిపోయాడు. నేను బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్లాను. లాడ్జి పక్క సందులో మేడ మీద ఉంటుంది ఆయన గది. తలుపుకి తాళం వేసి ఉంది. కింద జిరాక్స్ షాపాయన నన్ను గుర్తుపట్టి పలకరించాడు. భాయ్ ఎప్పుడొస్తారని అడిగాను. ఆయన చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి, "భాయ్ పోయారండీ. రంజాన్ ముందు. మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పాలని వాళ్ల ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది? గుండె అట. నొప్పి వస్తూ పోతూ ఉండేదట. తగ్గినప్పుడల్లా బాగానే ఉందనుకుని పనికి వచ్చేసేవాడట.

ఆయన పేరు ఆ సందులో సగం మందికి తెలియదు. అందరికీ భాయ్. కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం ఆయన పని. తొంభైల చివరి నుంచి నాకు తెలుసు. నేను అప్పుడు డీటీపీ సెంటర్లలో ప్రూఫులు చూసేవాణ్ణి. ప్రూఫులు చూసేవాళ్లని మాష్టారూ అనడం అక్కడ మర్యాద, ఆయనా అలాగే పిలిచేవాడు.

తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన కత్తెర. దర్జీలు వాడే పెద్ద కత్తెర. భార్య బట్టలు కుట్టేది, ఆవిడ పాత కత్తెర ఈయన సంచిలోకి వచ్చింది. ఏ కంప్యూటర్‌లోనైనా డిస్కు కేబుల్ మార్చాడంటే, తీసిన పాతదాన్ని అక్కడే, అందరి ముందూ, మధ్యకి కత్తిరించి, రెండు ముక్కలూ చెత్తబుట్టలో వేసేవాడు. ఆ రోజుల్లో ఆ కేబుల్ వెడల్పుగా, బూడిద రంగులో, రిబ్బన్‌లా ఉండేది. నలభై సన్నటి తీగలు పక్కపక్కన అతికి ఉంటాయి. కత్తెర వాటిని కోస్తుంటే గట్టిగా కరకరమనేది.

"భాయ్ బొడ్డు కోస్తున్నాడు" అనేవాళ్లు సెంటర్లలో కుర్చీలు తిప్పుకుంటూ. "మగపిల్లాడా, ఆడపిల్లా?"

"ముందు ఏడవనివ్వండి" అనేవాడు ఆయన. కంప్యూటర్ ఆన్ చేసి, అది కీచుమని ఒకసారి కూసేదాకా చెయ్యెత్తి అందర్నీ ఆపేవాడు. ఆ జోకు ఏళ్ల తరబడి నడిచింది. చెప్పేవాళ్లు మారారు, ఆయన జవాబు మారలేదు. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆయన నవ్వడం నేను చూడలేదు.

పనికి కూర్చునే ముందు వాచీ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. కేబుల్ కొనని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఊడదీసేటప్పుడు రిబ్బన్ ముట్టుకునేవాడు కాదు. చివర ఉన్న నల్ల బిళ్లని రెండు బొటనవేళ్ల గోళ్లతో ఇటు కొంచెం, అటు కొంచెం కదుపుతూ, పంటి కింద రాయి తీసినంత నెమ్మదిగా పైకి తెచ్చేవాడు. ఆపరేటర్లెవరైనా రిబ్బన్ పట్టుకుని లాగితే మాత్రం, జడ పట్టుకు లాగినట్టు లాగకండమ్మా అని గొంతు పెంచేవాడు. ఆ బిళ్లలో పళ్లుంటాయట. అవి తీగ పైతొడుగుని కొరికి లోపలి రాగిని పట్టుకుంటాయి. టంకం ఏమీ ఉండదు. లాగినప్పుడల్లా ఆ పట్టు కొంచెం సడలుతుంది. సడలినచోట మన ఊరి చెమ్మకి చిలుము పడుతుంది.

దసరాకి సెంటర్ల వాళ్లు కంప్యూటర్లకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. మూతలు ఎప్పుడూ విప్పే ఉంటాయి కాబట్టి పసుపు లోపలికి రాలేది. మర్నాడు ఈయన ఎవరూ పిలవకుండానే పెయింటు కుంచె పట్టుకుని వచ్చి, లోపల రాలినదంతా ఒక్కొక్క మూల నుంచీ దులిపేవాడు. పైన పెట్టిన బొట్టు చెరక్కుండా.

ఏది పాడైనా, పోయింది అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. ఎవరైనా అంటే, "పోయిందనకండి, చూడలేదనండి" అనేవాడు. కేబుల్‌ని నొక్కితే కంప్యూటర్ మళ్లీ నడిచిందనుకోండి, మిగతావాళ్లు సంతోషించి టీ తెప్పించేవాళ్లు. ఆయన ముఖం మాత్రం దిగులుగా అయిపోయేది. నొక్కితే నడిచిందంటే లోపల తెగినట్టు లెక్క అని చెప్పి, నడుస్తున్నదాన్ని ఆపించి మరీ దాన్ని మార్చేవాడు.

ఇదంతా తర్వాతి మనిషి. నేను మొదట చూసిన మనిషి ఇలా ఉండేవాడు కాదు.

అప్పట్లో ఆయన గదిలో గోడకి ఒక మేకు, దానికి పాత కేబుళ్లు గుత్తిగా వేలాడుతూ ఉండేవి. చెడిపోయిన కంప్యూటర్ల నుంచి తీసినవి. కొనలు పెట్రోలుతో కడిగి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసి దాచేవాడు. ఎవరికి కావాలన్నా అందులోంచే తీసి పెట్టేవాడు. ఆయనే కాదు, అందరూ అంతే. కేబుల్ పాడవుతుందని ఎవరికీ తోచేది కాదు. దానికి తిరిగే భాగం లేదు, వేడెక్కే భాగం లేదు. అందులో పోవడానికి ఏముంది?

దానికి తోడు మా సెంటర్లలో ఒక పద్ధతి ఉండేది. పుస్తకం తయారయ్యాక అచ్చు కోసం ఫిల్ము తీసే చోటికి పంపాలి. ఫ్లాపీల్లో పట్టదు. అందుకని డిస్కునే ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, స్కూటర్ మీద పట్టుకెళ్లేవాళ్లు. అక్కడి కంప్యూటర్‌కి తగిలించి, పనయ్యాక తెచ్చి మళ్లీ బిగించేవాళ్లు. వారంలో ఎన్నిసార్లు ఊడదీసేవాళ్లో, ఎన్నిసార్లు గుచ్చేవాళ్లో ఎవరూ పట్టించుకోలేదు. మూతలు వేస్తే టైము దండగ కాబట్టి వేసేవాళ్లు కాదు. ఎండాకాలం టేబుల్ ఫ్యాను గాలి లోపలికి కొట్టేలా పెట్టేవాళ్లు. వేడికి కేబుల్ తొడుగు గట్టిపడి పెళుసైపోయేది. అలాంటిదాన్ని మళ్లీ మడిస్తే లోపల తీగ తెగుతుంది, పైకి గీత కూడా కనపడదు.

నేను పనిచేసే సెంటర్‌కి పామర్రు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. కాలువల మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కాయడం, వంతుల ప్రకారం నీళ్లు వదలడం ఆయన ఉద్యోగం. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలువ చిట్టచివర శివారు పొలం దాకా ఎలా పోతుందో, దారిలో ఏ తూము దగ్గర ఎవరు ఎవరితో కొట్టుకున్నారో, ఏ గట్టు ఎందుకు తెగిందో అంతా పుస్తకంగా వేయించాలని ఆయన కోరిక. చూపు మందగించింది. రాయలేడు, చదవలేడు. బస్సులో వచ్చి, మధ్యాహ్నాలు సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆపరేటర్ పక్కన కూర్చుని చెప్పేవాడు. ఆ అమ్మాయి నేరుగా టైపు చేసేది. మధ్యలో ప్రింటు తీస్తానంటే వద్దనేవాడు. నాకెలాగూ కనపడదు, అంతా అయ్యాక ఒకేసారి చదివి వినిపించండి అనేవాడు. మొదటి భాగం ఒక ఫ్లాపీలోకి ఎక్కించారు. వానాకాలంలో దానికి బూజు పట్టింది. మిగిలింది డిస్కు ఒక్కటే.

శివారు దాకా చెప్పడం అయిపోయింది. పెద్దాయన ఆ రోజు అందరికీ మైసూర్‌పాక్ పంచిపెట్టాడు. వచ్చే వారం ప్రింటు తీసి నేను చదివి వినిపించాలని అనుకున్నాం.

ఆ వారంలోనే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. అంతకు కొద్దిరోజుల ముందు భాయ్ వచ్చి, ఏదో వదులుగా ఉందని తన మేకు మీది కేబుళ్లలో ఒకటి తెచ్చి పెట్టి వెళ్లాడు. పొద్దున్నే ఆన్ చేస్తే నీలం తెర వచ్చేది. డిస్కులో తప్పులున్నాయి, సరిచేయమంటారా అని అడిగేది. అడిగితే ఎంటర్ కొట్టమ్మా అని భాయ్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆ అమ్మాయి రోజూ కొట్టింది. రోజురోజుకీ కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి, కొన్ని తెరిస్తే పిచ్చి గీతలు. చివరికి డిస్కు పోయిందన్నారు. భాయ్ కూడా అన్నాడు. పనికొస్తుందేమో చూడమని ఓనరు చెబితే దాన్ని ఫార్మాట్ చేసి, అన్నీ మళ్లీ ఎక్కించి చూశాడు. అప్పటికీ ఆగిపోతుంటే, కేబుల్‌తో సహా ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లాడు. ఓనరు కొత్త డిస్కూ కేబులూ కొన్నాడు. పామర్రుకి ఫోన్ చేసి, డిస్కు చచ్చిపోయిందని పెద్దాయన కోడలికి చెప్పారు.

ఎవరూ భాయ్‌ని ఒక్క మాట అనలేదు. అనడానికి కారణం ఎవరికీ తెలియదు.

కొన్నాళ్ల తర్వాత ఆయన నన్ను టీ కొట్టు దగ్గరికి పిలిచి చెప్పాడు. ఆ డిస్కుని ఇంట్లో వేరే కేబుల్‌తో పెడితే ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోంది. సెంటర్లో తను పెట్టిన ఆ కేబుల్‌ని తన మంచి కంప్యూటర్‌కి పెడితే మర్నాటికల్లా నీలం తెర. డిస్కుకి ఏమీ కాలేదు, అందులో ఉన్న పుస్తకానికీ ఏమీ కాలేదు. మధ్యలో తీగ తెగి, కంప్యూటర్‌కి వేరేగా కనపడింది.

"చదవడం తప్పు చదివింది మాష్టారూ. తప్పు చదివి, సరిగ్గా ఉన్నదాన్ని దిద్దేసింది. రోజూ దిద్దింది. మిగిలింది నేను తుడిచేశాను."

నేను పొట్ట పోసుకునేదే దిద్దడం మీద.

ఏం చేద్దామని అడిగాడు. నా మాట కోసం ఆగలేదు. ఆదివారం పామర్రు వెళ్దాం, మీరూ రండి, ఒక్కణ్ణే వెళ్లడానికి కాళ్లు రావడం లేదు అన్నాడు. ఉయ్యూరు దాకా బస్సులో నిలబడే వెళ్లాం. దారి పొడవునా పక్కన కాలువ వస్తూ ఉంది. ఆయన అటు చూడలేదు.

పెద్దాయన వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. మమ్మల్ని గొంతుల్ని బట్టి గుర్తుపట్టి లేచి కూర్చున్నాడు. భాయ్ నిలబడే చెప్పాడు.

"బాబాయి గారూ, డిస్కు పోలేదండి. నేను పెట్టిన కేబుల్ పాడు. పాతది తీసి పెట్టాను. మీరు చెప్పిందంతా నా చేతిలో పోయింది."

పెద్దాయన అడిగాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా సాయిబూ?"

"తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పావు? మొన్నటిదాకా మిషను చచ్చిందనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు నీ మీద కోపం ఒకటి మొయ్యాలా నేను?"

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలు మాకు మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాం.

తర్వాతి ఆదివారం భాయ్ ఒక్కడే వెళ్లాడు. పెద్దాయన మాట్లాడలేదట. ఆ పై ఆదివారమూ అంతే. ఈయన వసారా అరుగు మీద కూర్చుని, సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేవాడు. ఎన్నాళ్లిలా అని నేను అడిగితే, కోపం ఆయనది, వెళ్లడం నాది అన్నాడు. కొన్ని వారాలు గడిచాక పెద్దాయనే విసుక్కున్నాడట. ఎలాగూ కూర్చున్నావు కదా, రాసుకో అని.

భాయ్‌కి తెలుగు టైపు రాదు. మా ఆపరేటర్ దగ్గర నేర్చుకున్నాడు. ఎన్ని కంప్యూటర్లు విప్పాడో గానీ, కీబోర్డు మీద రెండు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటుంటే చూడలేకపోయేవాళ్లం. తన కంప్యూటర్‌నే బస్సు మీద వేసి పామర్రు చేర్చి, ఆ ఇంట్లో పెట్టాడు. దాని కేబుల్ కొత్తది, హైదరాబాదు నుంచి తెప్పించాడు. వారం వారం ప్రింటు తీసి నా దగ్గర ఒక కాపీ ఉంచేవాడు. గోడ మీది మేకు ఖాళీ అయిందీ, కత్తెర సంచిలోకి వచ్చిందీ అప్పుడే. తన చేతికి వచ్చిన పాత కేబుల్ ఏదీ ఇంకొకరి కంప్యూటర్లోకి వెళ్లకూడదని ఆయన పట్టుదల. ఆ సంగతి సెంటర్లలో జోకులు వేసేవాళ్లకి తెలియదు, ఆయన చెప్పలేదు.

పెద్దాయన మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు గానీ, మొదటిసారి చెప్పినట్టు కాదు. వయసు మీద పడింది. పోయిన వారం ఎక్కడ ఆపాడో గుర్తుండేది కాదు. బ్యారేజీ దగ్గర మళ్లీ మొదలుపెట్టేవాడు. భాయ్ అడ్డు చెప్పకుండా కొత్త ఫైలు తెరిచి మళ్లీ కొట్టేవాడు. ఒకసారి నేను వెళ్లినప్పుడు కోడలు ఉండబట్టలేక అడిగింది, మామయ్య మొన్న చెప్పిందే కదండీ ఇది, మళ్లీ ఎందుకు కొడతారు అని. మొన్న చెప్పింది వేరమ్మా అన్నాడు ఆయన. నిజంగానే వేరు. ఒక దాంట్లో వరద పూట లాకు తలుపు ఎత్తింది పెద్దాయన. ఇంకో దాంట్లో ఆయన పై అధికారి. మూడో దాంట్లో ఎవరూ ఎత్తలేదు, గట్టు తెగింది. తిరుగు బస్సులో నేను, ఏది నిజమో అడగవచ్చు కదా అన్నాను.

"అడిగితే ఆపేస్తారు మాష్టారూ. ఆపనివ్వకూడదు."

ఆయనకి కావలసింది శివారు. మొదటిసారి పెద్దాయన అక్కడిదాకా చెప్పాడు, మళ్లీ అక్కడిదాకా చేర్చాలి. పొద్దున్నే టిఫిన్ అయ్యాక చెప్పించేవాడు. పోయిన వారం ఆపిన చోటుని కథలాగా తనే చదివి వినిపించి, అక్కణ్ణించి ఎత్తుకుంటాడేమో అని చూసేవాడు. కొన్నిసార్లు పనిచేసింది. పామర్రు దాటి కిందికి కొంత దూరం వచ్చారు. ఒకరోజు ఆ ఆరాటం కనిపెట్టినట్టున్నాడు పెద్దాయన. "తొందరపడకు సాయిబూ. శివారుకి రావడం ఎప్పుడూ కష్టమే" అన్నాడు. ఆ ఇద్దరూ కలిసి నవ్వగా నేను విన్నది అదొక్కసారే.

కాలువలు కట్టేసిన ఎండాకాలంలో పెద్దాయన చనిపోయాడు. అప్పటికి చెప్పింది పామర్రు కింది ఒక తూము దగ్గర ఆగి ఉంది.

ఆ తర్వాత భాయ్ మామూలుగానే పని చేసుకున్నాడు. కేబుళ్లు సన్నబడ్డాయి, ఎర్ర రంగులో రావడం మొదలైంది. వాటినీ కత్తిరించాడు. సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆదివారాలు ఏం చేస్తున్నారని అడిగితే, ఏమీ తోచడం లేదు అనేవాడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. ఒకే చోటు గురించి పెద్దాయన ఎన్ని రకాలుగా చెబితే అన్నీ వరసగా ఉంచాడు, ఏదీ తీసేయలేదు. ప్రూఫు చూడండి, అచ్చు వేయిద్దాం అన్నాడు.

చదివాక నాకు రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి, ఆ కిందివైపు పనిచేసిన లస్కర్లు ఇంకా ఉన్నారు, వాళ్లని అడిగి శివారు దాకా రాసేస్తే పుస్తకం నిండుగా ఉంటుంది. ఎవరికీ తెలియదు కూడా అన్నాను.

"ఎవరికీ తెలీదండీ. అదే కదా" అన్నాడు.

ఇక రెండోది. కట్ట చివర ఆయన సొంతంగా కొట్టిన రెండు వాక్యాలున్నాయి. "ఇక్కడి నుంచి శివారు దాకా కూడా పెద్దాయన చెప్పారు. అది నా వల్ల పోయింది." దీన్ని తీసేసి, అసంపూర్తి అని ఒక్క మాట వేస్తే మర్యాదగా ఉంటుందని నేను చెప్పాను. ఆయన నాతో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కరోజే.

"అసంపూర్తి కాదు మాష్టారూ. ఆయన పూర్తి చేశారు. మనందరికీ స్వీటు కూడా పెట్టారు. ఆ మాట ఎక్కడో ఒకచోట ఉండాలి."

సరేనన్నాను. ఆ తర్వాత నా కంటి ఆపరేషన్, ఆయన పనులు, కాగితం ధరలు. అచ్చు వాయిదా పడుతూ వచ్చింది. ఇద్దరం ఉన్నాం కదా అనుకున్నాం.

జిరాక్స్ షాపు నుంచి ఇంటికి వచ్చి ఆ కట్ట తీశాను. మూడు రోజుల నుంచి అదే పని. అక్షర దోషాలు చాలా ఉన్నాయి, రెండు వేళ్లతో కొట్టినవి. వాటిని దిద్దుతున్నాను. పెద్దాయన మాటలు ఒకదానితో ఒకటి పొసగని చోట్ల ముట్టుకోవడం లేదు. చివరి పేజీకి ఈ ఉదయం వచ్చాను. ఆ రెండు వాక్యాల్లో తప్పులేవీ లేవు. పామర్రుకి ఫోన్ చేసి పుస్తకం వేస్తున్నామని కోడలికి చెప్పాను. భాయ్ సంగతి కూడా చెప్పాను. ఆదివారాలు మజ్జిగకి ఆమె ఇప్పటికీ ఒక గ్లాసు ఎక్కువ తీస్తుందట.

ఆ వాక్యంలో "నా వల్ల" అంటే ఎవరి వల్లనో చదివేవాళ్లకి తెలియదు. కింద మీ పేరు పెట్టండి అని ఆయన్ని అప్పుడే అడిగాను. పేరు పెడితే చూసేవాళ్లు నన్ను చూస్తారు మాష్టారూ, పుస్తకం పెద్దాయనది అన్నాడు. పుస్తకంలో ఆయన పేరు పెట్టడం లేదు. అందుకే ఇక్కడా పెట్టలేదు.